ఒప్పుకున్నవాడికి అప్పీలు లేదు

కన్నారావు గారు జరిమానా రాస్తే కట్టేవాడికి కూడా కోపం వచ్చేది కాదు. సికింద్రాబాద్ స్టేషన్లో మేం ఇంతమంది టీసీలం నల్లకోట్లు తగిలించుకుని తిరిగేవాళ్ళం, మాలో ఒక్కడికీ ఆ విద్య పట్టుబడలేదు. నా సంగతే చెబుతాను. టిక్కెట్టు లేనివాడు దొరికితే ముందు నేను గొంతు పెంచేవాణ్ణి. వాడు నాకంటే పెంచేవాడు. చుట్టూ జనం మూగేవాళ్ళు. అప్పుడు కన్నారావు గారు పొట్ట ముందుకేసుకుని నింపాదిగా వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసేవారు.

"బావూ, తప్పు జరిగిపోనాది. ఒప్పీసుకో. కట్టీసి ఇంటికెళ్ళిపో. రేపటికి నీకూ గుర్తుండదు, మాకూ గుర్తుండదు" అనేవారు. అంతసేపూ నాతో కుస్తీకి దిగినవాడు తలొంచుకుని జేబు తడుముకునేవాడు.

ఆయనది టెక్కలి దగ్గర పల్లెటూరు. నాది అనకాపల్లి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే, అందుకని నేను గురువుగారూ అనేవాణ్ణి. ఆయన నన్ను బావూ అనేవారు. అది చుట్టరికం కాదు, వాళ్ళ వైపు ఆప్యాయత. చిలకలగూడలో శారదమ్మ గారింట్లో కింది వాటాలో అద్దెకుండేవారు. భార్య గవరమ్మ గారు, ఒక్కగానొక్క కొడుకు సూరి. గవరమ్మ గారు ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తే పైన శారదమ్మ గారు వీధి మొత్తానికి వినపడేలా కిటికీలు మూసేవారు. అదే శారదమ్మ గారు ఒంట్లో నలతగా ఉంటే మాత్రం చోడి అంబలి, అంటే రాగి జావ కోసం కిందికి గిన్నె పంపేవారు.

మా ఉద్యోగంలో మెజిస్ట్రేట్ చెకింగ్ అని ఒకటి ఉంటుంది. ఆ రోజు రైల్వే మెజిస్ట్రేటు గారే స్టేషనుకు వచ్చి కూర్చుంటారు. దొరికినవాళ్ళని వరసలో నిలబెడతాం. ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకుంటానంటాడు. జరిమానా, రసీదు, బయటికి దారి. మొండికేసి వాదించేవాడు మాత్రం వాయిదాలకు తిరగాలి. సర్వీసంతా కన్నారావు గారు చూసిన కోర్టు అదొక్కటే. ఒప్పుకున్నవాడు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాడు, వాదించినవాడు తిరుగుతూ ఉంటాడు. చట్టం గురించి ఆయనకు తెలిసింది ఇంతే, ఇంతకుమించి తెలుసుకోవలసిన అవసరం కూడా రాలేదు, సూరి పోలీసులకు దొరికేదాకా.

అవి ఊరంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులు. మాధాపూర్ రాళ్ళగుట్టల మీద అద్దాల మేడలు లేస్తున్నాయి. మా స్టాఫ్ రూములో టీ తాగేటప్పుడు డీయే గురించి మాట్లాడుకునే మనుషులం, ఎవరి పిల్లలు ఏ కోర్సు చేస్తున్నారో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. సూరి ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉండగానే ఒక పెద్ద కంపెనీ కాలేజీకి వచ్చి వాణ్ణి ఎంచుకుంది. కన్నారావు గారికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రోజు ఆయన దగ్గర జరిమానా కట్టినవాళ్ళకు కూడా మైసూర్‌పాక్ దొరికింది.

అప్పట్లో కంపెనీలు ఉద్యోగం ఇచ్చామని చెప్పేవి గానీ వెంటనే చేర్చుకునేవి కావు. రేపు మాపు అంటూ నెలలు గడిపేవి. చదువైపోయి, పని మొదలుకాక, కుర్రాళ్ళు ఊరంతా తిరిగేవాళ్ళు. సూరికి సత్యదేవ్ అని క్లాస్‌మేట్ ఉండేవాడు. వాళ్ళ నాన్న రామభద్రరావు గారికి రాణిగంజ్‌లో బాత్రూం సామాన్ల దుకాణం. ఒక సాయంత్రం ఇద్దరూ మోటారు సైకిలు మీద నేరేడ్‌మెట్ అవతల బండల దగ్గరకు వెళ్ళి, సిగరెట్టులో గంజాయి నింపుకుని కాల్చారు. పోలీసు జీపు అటుగా వచ్చింది. ఇద్దరి జేబుల్లోనూ చెరో పొట్లం దొరికింది. పొట్లమంటే ఎంతనుకుంటున్నారు? అగ్గిపెట్టెలో పట్టేంత ఆకు.

సూరి అమాయకుడు, ఎవరో ఇరికించారు అని నేను కథలు చెప్పను. వాడు కాల్చాడు. కొన్నదీ వాడే. తప్పే. కానీ తప్పుకు కూడా ఒక సైజు ఉంటుందని నేననుకుంటాను. ఆ వయసులో మేం చేసిన వెధవ పనులన్నీ ఎవరైనా జేబులు వెతికి బయటికి తీసి ఉంటే మాలో సగంమందికి ఈ నల్లకోటు దక్కేది కాదు.

కబురు తెలిసి కన్నారావు గారూ నేనూ స్టేషన్‌కు పరిగెత్తాం. మా స్టేషన్ కాదు, పోలీసు స్టేషన్. సూరి గోడవారన కింద కూర్చుని ఉన్నాడు. తండ్రిని చూడగానే లేచి నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. "చదువుకున్న పోరలు సార్. గిదేం పని జెప్పున్రి? కేసైతే రాసినం. బెయిలొస్తది, పరేషాన్ గాకున్రి" అన్నాడు. కన్నారావు గారు కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. బెయిలు మీద ఇంటికి తెచ్చాక గవరమ్మ గారే ముందు మాట్లాడారు.

"ఓలమ్మా, గంజాయంటే మన కొండల్లో మొక్క కాదేటి? దానికి కోర్టేటి, కేసేటి?" అన్నారు.

"ఊరుకోయే. తప్పు తప్పే" అన్నారు కన్నారావు గారు. ఆ తర్వాత కొడుకువైపు తిరిగి, "కాల్చినావా?" అన్నారు.

"కాల్చాను నాన్నా."

"మరింకేటి. ఒప్పీసుకుందాం" అన్నారు. ఆయన ముఖంలో అప్పుడే కొంచెం తెరిపి కనిపించింది. దారి తెలిసిన మనిషి ముఖం.

కేసు ఒకటే, ముద్దాయిలు ఇద్దరు. రామభద్రరావు గారు ఖరీదైన లాయర్ని పెట్టుకున్నారు. మాకు కాంతమణి గారని ఒక ప్లీడరు దొరికారు. మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇది నిలబడే కేసు కాదండీ. పొట్లాలు పట్టుకున్నప్పుడు సాక్షులున్నారని రాశారు గానీ ఆ సాక్షులు అక్కడ లేనే లేరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతుంది. కాకపోతే టైం పడుతుంది, వాయిదాలకు రావాలి."

"ఎన్నాళ్ళు తిరగాలమ్మా?" అన్నారు కన్నారావు గారు.

"చెప్పలేం. రెండేళ్ళు పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు."

కంపెనీ నుంచి పిలుపు ఇవాళో రేపో వచ్చేలా ఉంది. చేరిన కొత్తలోనే నెలనెలా సెలవు పెట్టి కోర్టుకు వెళ్తే ఆ ఉద్యోగం ఉంటుందా? ఆయన భయమంతా అదే. కొడుకు ఉద్యోగం నిలవాలి.

"ఒప్పీసుకుంటేనో?"

"జరిమానాతో వదిలేస్తారు, చిన్న మొత్తమే కాబట్టి. కానీ తొందరపడకండి కన్నారావు గారూ. ఒప్పుకుంటే అది రికార్డులో..."

"జరిమానాయే కదమ్మా" అన్నారాయన. ఆమె మాట పూర్తికానివ్వలేదు. "అయినా కాల్చిన మాట నిజం. జడ్జీ గారి ముందర నిలబడి నేదని ఎలాగ సెప్తాడు? ఆడు నా కొడుకమ్మా."

కోర్టు రోజు నేను కూడా సెలవు పెట్టి వెళ్ళాను. సూరి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, ఇంటర్వ్యూకు వేసుకున్నదే. మెజిస్ట్రేటు గారు ఒకసారి అడిగి ఊరుకోలేదు. "నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా? ఎవరైనా బలవంతపెట్టారా? ఇంకోసారి ఆలోచించుకుంటావా?" అని అడిగారు. సూరి వెనక్కి తిరిగి తండ్రి ముఖం చూశాడు. కన్నారావు గారు తల ఊపారు, ప్లాట్‌ఫారం మీద ఎవరికో ధైర్యం చెబుతున్నట్టే.

"ఎవరూ బలవంతం చేయలేదు సార్. ఒప్పుకుంటున్నా" అన్నాడు సూరి.

జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే నిలబడమన్నారు. కొడుకు అక్కడ నిలబడి ఉంటే తాను బెంచీ మీద ఎలా కూర్చుంటానని కన్నారావు గారు కూడా సాయంత్రం దాకా గోడనానుకుని నిలబడ్డారు. బయటికి వచ్చాక ముగ్గురం ఇరానీ హోటల్లో టీ తాగాం. "పీడ వొగ్గీసినాది బావూ" అని ఆయన నవ్వారు. సూరి కూడా నవ్వాడు. ఆ ఇంటి మనుషులు మనసారా నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

అదే వారం సత్యదేవ్ నేరం ఒప్పుకోనని చెప్పాడు. వాడి వాయిదాలు మొదలయ్యాయి. పాపం రామభద్రరావు గారి కొడుకు తిరుగుతున్నాడే అని కన్నారావు గారు జాలిపడ్డారు కూడా.

సూరి ఉద్యోగంలో చేరాడు. మెట్టుగూడ దగ్గర ఎక్కడో కంపెనీ బస్సు ఆగేది. అక్కడిదాకా వెళ్ళి బస్సు ఎక్కించి రావడానికి వీలుగా కన్నారావు గారు డ్యూటీలు మార్చుకునేవారు. ఇంజినీరు కొడుకును చిన్నపిల్లాడిలా బస్సెక్కించడమేమిటని నేను ఏడిపించేవాణ్ణి. కంపెనీలో క్యాంటీన్ ఉందని చెప్పినా గవరమ్మ గారు క్యారేజీ కట్టి పంపేవారు. కొత్తగా చేరినవాళ్ళందరూ పాస్‌పోర్టు తీసుకోవాలని కంపెనీవాళ్ళు చెప్పారు. సూరి దరఖాస్తు పెట్టాడు.

ఒక ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగానే పాస్‌పోర్టు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. కాగితాలు తిరగేసి, కొంచెం ఇబ్బందిపడుతూ, "సార్, పోరనికి కన్విక్షన్ ఉంది గద" అన్నాడు.

"అది అయిపోయింది కదండీ. జరిమానా కట్టీసినాం. రసీదు కూడా ఉంది" అని కన్నారావు గారు లేచి బీరువా వైపు వెళ్ళబోయారు.

"రసీదు ఏం జేస్తరు సార్? జరిమానా కట్టిండంటేనే శిక్ష పడ్డట్టు. అయిపోవుడు గాదు, గప్పుడే షురూ అయినట్టు. గా ఇంకో పోరడు కొట్లాడుతుండు, గాయన మీద శిక్ష ఏం లేదు. మీరే ఆగమాగం జేసుకున్నరు. నేను రాయకుంటె నా నౌకరి పోతది సార్."

అతను చెడ్డవాడు కాదు. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. కన్నారావు గారు బీరువా దగ్గరే నిలబడిపోయారు. చేతిలో తాళంచెవి అలాగే ఉంది.

పాస్‌పోర్టు సంగతి తరువాత. కంపెనీ తన తరఫున కూడా మనుషుల చేత ఆరా తీయించింది. ఆ రోజుల్లో అది కొత్త వింత, ఉద్యోగం ఇచ్చాక మన పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం. సూరిని పిలిచి, తీసేశామని రాసేకంటే నువ్వే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుందన్నారట. మధ్యాహ్నం మామూలు సిటీ బస్సులో ఇంటికి వచ్చాడు. ఒంట్లో బాగాలేదా అని తల్లి నుదురు ముట్టుకుని చూసింది. ఉద్యోగం పోయిందమ్మా అని చెప్పి, తెచ్చుకున్న క్యారేజీ విప్పుకుని అక్కడే కూర్చుని తిన్నాడు. మెతుకు మిగల్చలేదని గవరమ్మ గారు నాకు తరువాత చెబుతూ ఏడ్చారు.

మర్నాడు కన్నారావు గారు నన్ను వెంటబెట్టుకుని కాంతమణి గారి దగ్గరకు వెళ్ళారు. "అమ్మా, ఒప్పుకున్న మాట ఎనక్కి తీసీసుకుంటాం. ఆడు ఒప్పుకోనేదు, నానొప్పించినాను. అలాగని రాసివ్వండి" అన్నారు.

ఆమె తల అడ్డంగా ఊపారు. "ఒప్పుకున్నవాడికి అప్పీలు ఉండదండీ. శిక్ష ఎక్కువైందని అడగొచ్చు. శిక్షే తప్పని అడగడానికి వీల్లేదు, ఒప్పుకున్నాడు కాబట్టి."

"మరి కాదన్నోడికి?"

"వాదించి ఓడిపోయినవాడికి అప్పీలు ఉంటుంది."

"అంటే కాల్చి, కాల్చనేదన్నోడికి రెండు దార్లు. కాల్చినానన్నోడికి ఒక్కటీ నేదా?"

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పారు. అలవాటు మాన్పించుకుంటాను, చికిత్సకు పంపండి అని అడిగే దారి కూడా ఆ చట్టంలో ఎక్కడో ఉందట. అది కూడా అప్పుడే అడగాలి, ఇప్పుడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని దార్లున్న చట్టం ఒప్పుకోవడమనే ఒక్క తలుపునే అంత వెడల్పుగా తెరిచి పెట్టడమేమిటి? ఆ తలుపు లోపలికే గానీ బయటికి తెరుచుకోదని ఒక బోర్డయినా పెట్టాలి కదా. కాంతమణి గారు చెప్పబోయారని మీరనొచ్చు. నిజమే, చెప్పబోయారు. కానీ ముప్ఫయ్యేళ్ళు ఇంకో కోర్టును కళ్ళారా చూసిన మనిషికి ఒక ముక్క సరిపోతుందా?

సత్యదేవ్ కేసు కొట్టేశారు. సాక్షులు తాము అక్కడ లేమని చెప్పేశారు. రామభద్రరావు గారు స్వీట్ల డబ్బా తీసుకుని చిలకలగూడ వచ్చారు. ఏం మనిషండీ, ఆ ఇంటికా స్వీట్లు తెచ్చేది! నేనైతే విసిరికొట్టేవాణ్ణి. కన్నారావు గారు రెండు చేతులా అందుకుని, "మీ అబ్బాయికి మంచి జరిగింది, సంతోషమండీ" అన్నారు. అది పైపై మాట కాదు, అదే నాకు ఇంకా బాధ.

సూరి చాలాచోట్లకు వెళ్ళాడు. రాత పరీక్షలో నెగ్గేవాడు, ఇంటర్వ్యూలో నెగ్గేవాడు, ఆరా తీసే దగ్గర ఆగిపోయేవాడు. చివరికి లాలాగూడలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి కుదిరాడు. వాడి దగ్గర నేర్చుకున్న పిల్లలు మాధాపూర్‌లో ఉద్యోగాలకు వెళ్తూ, వెళ్ళేముందు వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టేవాళ్ళు. వాడు ఇంట్లో ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. అనుంటే బాగుండేది. కన్నారావు గారు కొడుకు ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశారు. వాడు తిని లేచాక కూర్చునేవారు. మెజిస్ట్రేట్ చెకింగ్ డ్యూటీ పడితే బతిమాలుకుని నాకు అంటగట్టేవారు.

అలా కొన్నేళ్ళు గడిచాక సత్యదేవ్ వచ్చాడు. వాడు అప్పటికి ఒక చిన్న కంపెనీలో మంచి హోదాలో ఉన్నాడు. స్నేహితుడి సంగతి వాడి మనసులో ముల్లులా ఉన్నట్టుంది, వాణ్ణి నేను తప్పుపట్టను. తన కంపెనీ ఉద్యోగం ఫారం తెచ్చి సూరి ముందు పెట్టాడు.

"నేను రికమెండ్ చేశాన్రా. ఆల్‌మోస్ట్ అయిపోయినట్టే. ఇది ఫార్మాలిటీ. మా దగ్గర వెరిఫికేషన్ గిట్ల ఏం ఉండదు. గా ఒక్క లైన్ దగ్గర నో అని రాసెయ్" అన్నాడు.

ఆ లైనేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా అన్నది. సూరి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నేను కన్నారావు గారి పక్కన మంచం మీద ఉన్నాను. ఆయన లేచి వెళ్ళి కొడుకు కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నారు.

"నేదని రాయి నాయినా" అన్నారు.

సూరి ఉలిక్కిపడి చూశాడు. అబద్ధమాడమని తండ్రి చెప్పడం వాడు పుట్టాక అదే మొదటిసారి అయి ఉంటుంది.

"నాన్నా, నువ్వేనా?"

"నానే సెప్తన్నాను. ఎవులూ సూడరంట. ఒక్క ముక్క. నీ కాళ్ళట్టుకుంటాను, రాసీ."

"నాన సెప్పినట్టు ఇనరా" అన్నారు గవరమ్మ గారు వంటింటి గుమ్మంలోంచి.

సూరి తండ్రి చేతులు పట్టుకుని పైకి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. తాను నిలబడే, టేబుల్ మీదికి వంగి, అవునని రాశాడు. ఏ సంవత్సరమో కూడా రాశాడు.

"ఆ రోజు జడ్జి గారి ముందు నిజం చెప్పాను నాన్నా. నాకు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు లేదని రాస్తే అది కూడా నాది కాకుండా పోద్ది" అన్నాడు. సత్యదేవ్‌కు ఫారం ఇచ్చేసి, పిల్లలు ఎదురుచూస్తుంటారని లాలాగూడ బయల్దేరాడు.

సత్యదేవ్ కూడా వెళ్ళిపోయాడు. ఆ కంపెనీ పిలవలేదు, పిలవదని అందరికీ అప్పుడే తెలుసు. కన్నారావు గారు ఆ కుర్చీలోంచి లేవలేదు. నేను భుజం మీద చెయ్యి వేసి, "గురువుగారూ, అలాంటి కొడుకు ఎవరికుంటాడండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"ఎవులికీ ఉండకూడదు బావూ" అన్నారాయన. "అబద్ధం ఆడీ పిల్లలు సుకంగా ఉన్నారు. ఆణ్ణి పాడుసేసింది గంజాయి కాదు. నాను."

గవరమ్మ గారు గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాను.